కత్తి ఇచ్చారు, రాజ్యం దాచేశారు

చేతికి కత్తి ఇచ్చి, గుర్రమెక్కించి, స్లోమోషన్‌లో నడిపించి, వెనకాల డప్పులు మోగిస్తే ఆడదానికి గౌరవం దక్కినట్టేనని సినిమావాళ్లు ఎప్పుడో తీర్మానించేసుకున్నారు. ఆ గౌరవం మాకొద్దు. వీరవనిత కథను మళ్లీ మళ్లీ తీస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆమె చేసిన పనిని కోసి పారేసి, ఆ ఖాళీలో పుట్టుకనో వేషాన్నో కుక్కుతున్నారు. దానికి స్త్రీశక్తి అని పేరు పెట్టి అమ్ముతుంటే మనం డబ్బిచ్చి మరీ చప్పట్లు కొడుతున్నాం.

ముందు చైనా పిల్ల ములాన్ సంగతి చూద్దాం. ఆమె కథకు మూలం ఉత్తర వెయ్ రాజుల కాలం నాటిదని పండితులు చెప్పే ఒక చిన్న గాథ. అందులో మంత్రమూ లేదు, మాయా లేదు. మగ్గం ముందు కూచున్న పిల్ల, ముసలి తండ్రిని యుద్ధానికి రమ్మంటూ రాజు పంపిన పిలుపు చూస్తుంది. బజారుకు పోయి గుర్రం ఒకచోట, జీను ఒకచోట, కళ్లెం ఇంకోచోట కొనుక్కుంటుంది. ఏళ్లకేళ్లు పోరాడి గెలిచాక రాజు పదవి ఇస్తానంటే వద్దంటుంది. ఇంటికి పోనిస్తే చాలంటుంది. సామాన్యురాలు సొంతంగా నిర్ణయం తీసుకుంది, సొంతంగా పని నేర్చుకుంది. కథకున్న బలమంతా అదే.

2020లో డిస్నీ 20 కోట్ల డాలర్లు గుమ్మరించి ఆ బలాన్నే తీసేసింది. ములాన్‌కు ‘చీ’ అనే శక్తి పుట్టుకతోనే వచ్చిందట! చిన్నప్పుడే ఇళ్ల కప్పుల మీద ఎగిరి దూకుతుంది. అదే కంపెనీ 1998లో తీసిన కార్టూన్‌లో ములాన్ స్తంభం ఎక్కలేక పదేపదే జారిపడుతుంది. చివరికి బుర్ర ఉపయోగించి, తనను కిందికి లాగుతున్న బరువుల్నే ఆసరా చేసుకుని పైకెక్కుతుంది. బొమ్మకున్న బుద్ధి, మనుషులతో తీసిన సినిమాకు లేకపోయింది. పుట్టుకతోనే గొప్పదైతే ఇక మామూలు పిల్లకు ఆ కథలో ఏం మిగిలింది? పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడం మనకు హాలీవుడ్ వచ్చి నేర్పాలా?

అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. తాను ఆడపిల్లనని తెలియజెయ్యడానికి ఆ సినిమాలో ములాన్ యుద్ధం మధ్యలో కవచం విప్పేసి, జుట్టు విరబోసుకుని గుర్రం దౌడు తీయిస్తుంది. ఎదురుగా బాణాలు వస్తుంటే కవచం పారేసే సైనికుడెవడు? పోస్టర్ కోసం ఆమె ప్రాణాన్ని పణంగా పెట్టారు. ఉయ్‌గర్ ముస్లింలను శిబిరాల్లో కుక్కిన చైనా ప్రాంతం షిన్‌జియాంగ్‌లో కొంత షూటింగ్ చేసి, అక్కడి తుర్ఫాన్ పోలీసు శాఖకు చివరి టైటిల్స్‌లో కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నారు. రాజు ఇచ్చే పదవిని కాదన్న పిల్ల కథ చివరికి పోలీసులకు దణ్ణం పెట్టింది.

కథను మళ్లీ తియ్యడమే తప్పని నేననడం లేదు. 1939లో, జపాన్ సైన్యం చుట్టూ మోహరించిన షాంఘైలో, బు వాన్‌సాంగ్ ‘ములాన్ సైన్యంలో చేరింది’ తీశాడు. జనం విరగబడి చూశారు. శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడు ఆ కథ ఎవరి గురించో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మూడేళ్లు దాటగానే, 1942 మార్చిలో, అదే జపాన్ సైన్యం మా అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. ఆ మూడున్నరేళ్ల చిత్రహింసల సంగతి తెలిసిన దీవుల్లో ఆ పాత సినిమా అవసరం ఏమిటో ఇట్టే అర్థమవుతుంది. డిస్నీ సినిమాకు అవసరమేముంది? పాత సరుకును కొత్త అట్టపెట్టెలో పెట్టి అమ్ముకోవడం తప్ప!

మనవాళ్లు తక్కువ తిన్నారా? 2015 అక్టోబర్ 9న గుణశేఖర్ ‘రుద్రమదేవి’ వచ్చింది. సొంత డబ్బు పెట్టి, త్రీడీలో, అనుష్కతో తీశాడు. ఆ తెగువను కాదనను. అయితే తెరమీద మనం చూసిందేమిటి? ఆడపిల్లను మగపిల్లాడిగా పెంచిన రహస్యం, అది బయటపడుతుందా లేదా అన్న ఉత్కంఠ, చాళుక్య వీరభద్రుడితో ప్రేమ. ఈలలేమో గోన గన్నారెడ్డికి పడ్డాయి. దేవగిరి రాజు మహాదేవుణ్ణి ఓడించడంతో సినిమా అయిపోయింది. చరిత్రలో కాకతీయ రాణి రుద్రమ అసలు పాలన అప్పుడే మొదలైంది! మొత్తం పాతికేళ్లకు పైగా ఏలింది. దొరల వంశాల్లో పుట్టని వీరులకు నాయంకరాలు, అంటే సైనిక సేవకు బదులుగా భూములు ఇచ్చి, పెద్ద పెద్ద సామంతుల పొగరు అణిచింది. తూర్పు తీరపు మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కో పోలో, అక్కడి రాణి న్యాయంగా ఏలిందని మెచ్చుకున్నాడు. ఆమె ముసలితనంలో సామంతుడు కాయస్థ అంబదేవుడు ఎదురు తిరిగాడు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం, ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని చెబుతోంది. ఇద్దరూ అంబదేవుడితో పోరులోనే పోయారని చరిత్రకారుల అంచనా. మనవడున్న వయసులో కదనరంగానికి వెళ్లిన రాణి! ఆ కథ ఎవరికీ పట్టలేదు. తలపాగా చుట్టుకున్న పడుచుపిల్లే కావాల్సొచ్చింది.

నాగమ్మ సంగతి ఇంకా అన్యాయం. పల్నాటి నాయకురాలు ఏ మగవేషమూ వెయ్యలేదు. నలగామరాజు కొలువులో ఆడదానిగానే మంత్రాంగం నడిపింది. 1947 ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్ర వేశారు. ఎంత గొప్పగా నటించినా రెండుసార్లూ ఆమె విలనే. లెక్క తేలిపోయింది కదా! మగవాడిలా కనిపిస్తే దేవత, ఆడదానిలా కనిపిస్తూ రాజకీయం చేస్తే కుట్రదారు.

“సినిమా వినోదం కదా, అంత పట్టింపెందుకు?” అంటారు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న మా దీవుల్లో మొదలైంది. అప్పటినుంచి ఓటీటీలో ఏది దిగినా మా పిల్లల ఫోన్లలోకి నేరుగా వచ్చేస్తోంది. ధైర్యం అంటే ఏమిటో వాళ్లకు చెబుతున్నవి ఈ సినిమాలే. అందుకే పట్టింపు.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకారులుండే మా జంగ్లీఘాట్‌లో తెల్లారకముందే బోట్లు తిరిగొస్తాయి. చేపల వేలంపాట దగ్గర మగవాళ్ల మధ్య నిలబడ్డ ఆడమనిషి కోనెం చేప మొప్ప ఎత్తి ఎరుపు చూస్తుంది, పొట్ట మీద బొటనవేలు నొక్కుతుంది. “నిన్నటి చేపకి ఈయేల్టి రేటు సెప్తావేటి?” అని గంప చంకనేసుకుని వెనక్కి తిరుగుతుంది. నాలుగడుగులు వేసేలోపే “సరేలే అప్పా, పట్టుకెల్లు” అని కేక వినిపిస్తుంది. ఆమెకు ‘చీ’ లేదు, మారువేషం లేదు. ఏళ్ల తరబడి నేర్చుకున్న పని ఉంది. ములాన్ గాథ కట్టినవాళ్లు ఈమెను చూస్తే గుర్తుపట్టేవారు. డిస్నీ మాత్రం చూడనైనా చూడదు.

కాబట్టి రుద్రమ మీద మళ్లీ సినిమా తీస్తామని వచ్చేవాళ్లకు ఒకటే మాట. తలపాగా, ప్రేమపాట, రహస్యం అన్నీ పక్కన పెట్టండి. పట్టాభిషేకం మొదటి పది నిమిషాల్లో ముగించండి. మిగతా రెండున్నర గంటలూ ఆమెను పాలించనివ్వండి. పాలించే ఆడదాన్ని అంతసేపు చూడలేమని హీరోలూ పంపిణీదారులూ అంటే, అప్పుడు ఆ సినిమా తియ్యకండి. పిరికితనాన్ని మీ దగ్గరే ఉంచుకోండి, దానికి వీరవనిత పేరు పెట్టకండి.