ఆ వరుస తెరిచిందెవరు?

సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ యార్డులో వడ్ల సీజన్ ఊపందుకుందంటే రాశుల మధ్య కాలు పెట్టే చోటుండదు. లాట్ నంబర్లు పడతాయి, ఖరీదుదారులు గింజను అరచేతిలో నలిపి చూసి ధర వేస్తారు. జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ వేదిక ఈ-నామ్ వచ్చాక ఆ ధర చిట్టీ మీద కాక కంప్యూటర్‌లో పడుతోంది. గడువు ముగిసేదాకా ఒకరి ధర మరొకరికి తెలియకూడదు. తెలిసిందా, వంద రూపాయలు పెంచుదామనుకున్న వ్యాపారి అవతలివాడి కంటే ఐదు రూపాయలు ఎక్కువ వేసి ఆగిపోతాడు. తక్‌పట్టీ మీద ఆ తేడా రైతుకే తగులుతుంది.

కంప్యూటర్‌లో ఎవరికి ఏది కనబడాలన్నది రైతు జేబు లెక్క. ఆ లెక్కను ఎక్కడ కాపాడుతున్నామన్నదే అసలు సంగతి.

వ్యాపారికో లాగిన్, గుమాస్తాకో లాగిన్, అధికారికో లాగిన్ ఉంటాయి. అవన్నీ అప్లికేషన్ గుమ్మం వరకే. మన ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో నడిచే అప్లికేషన్లలో చాలావరకు తమ వెనకున్న డేటాబేస్‌తో ఒకే ఒక్క ఖాతా పేరు మీద మాట్లాడతాయి. పైన వెయ్యి మంది పని చేస్తున్నా డేటాబేస్‌కు కనబడేది ఒక్కడే. ఆ ఒక్కడికి అన్ని పట్టికలూ చదివే, రాసే హక్కు ఉంటుంది. పట్టికలో ఎవరికి ఏ వరుస చూపాలో ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకుని ప్రతి తెరలోనూ షరతు రాయాలి. తొంభై తొమ్మిది తెరల్లో రాసి నూరో దాంట్లో మరిచిపోయినా దారి తెరుచుకున్నట్టే.

మిర్యాలగూడ మిల్లులవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. గేటు దగ్గర పేరు రాయించుకుని, వచ్చిన ప్రతివాడికీ గోదాములన్నీ తెరిచే తాళంచెవి ఇచ్చే మిల్లు ఆ పట్టణంలో ఉండదు. సర్కారు వడ్లు తీసుకున్న మిల్లు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. సర్కారు రాశి వేరు, సొంత కొనుగోలు వేరు. రెండూ కలిస్తే జవాబు చెప్పుకోవాల్సింది మిల్లు యజమానే. బస్తాల విషయంలో ఇంత జాగ్రత్త ఉన్నచోట, ఆ బస్తాల లెక్కలుండే చోట మాత్రం ఒకే తాళంతో సరిపెట్టుకుంటున్నాం.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. డేటాబేస్‌తో ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరవడం సర్వర్‌కు భారం. అందుకని కొన్నిటిని ముందే తెరిచి ఉంచి, వచ్చినవారికల్లా వాటినే వంతులవారీగా వాడతారు. వేలమంది ఒకేసారి వాడే పోర్టల్ నిలబడేది అందువల్లే. సౌకర్యం నిజమే. పేరు చెరిగిపోవడమూ నిజమే.

పేరు చెరిగిపోతే భూమి విషయంలో ఏమవుతుందో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పాలా? 2020 అక్టోబర్ 29న ధరణి భూ రికార్డుల పోర్టల్ మొదలైనప్పుడు వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ ఆఫీసు చేతికే వచ్చాయి. 2024 ఆరంభంలో కోదాడ పక్కనే ఉన్న హుజూర్‌నగర్‌కు సంబంధించి ఒక మాజీ తహసీల్దార్‌ను, ధరణి ఆపరేటర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ప్రభుత్వ భూమిని ఆపరేటర్ వైపు వాళ్ల పేర్ల మీదికి ఎక్కించి రైతుబంధు సొమ్ము తీసుకున్నారన్నది అభియోగం. నేరం తేల్చేది కోర్టు. కానీ ఒక నియమం మాత్రం తీర్పు కోసం ఆగక్కర్లేదు: తన పేరు గానీ, తన ఇంటివాళ్ల పేరు గానీ ఉన్న వరుసను ఏ ఆపరేటరూ ముట్టుకోకూడదు. ఈ మాట సర్క్యులర్‌లో రాస్తే ఫైలులో ఉంటుంది. డేటాబేస్‌లోనే రాస్తే వేలు పెట్టగానే అడ్డం పడుతుంది. అయితే ఆ వేలు ఎవరిదో డేటాబేస్‌కు తెలియాలి కదా!

ధరణి లావాదేవీలపై ఫోరెన్సిక్ ఆడిట్ జరిపిస్తామని తర్వాత ప్రభుత్వమే ప్రకటించింది. ఏ ఆడిటర్ అయినా మొదట అడిగేది ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి అనే. డేటాబేస్ చిట్టాలో అన్ని పనుల పక్కనా అప్లికేషన్ పేరే ఉంటే, ఆడిటర్ మళ్లీ అప్లికేషన్ చెప్పిన మాటే నమ్మాలి. సాక్షి, ముద్దాయి ఒక్కరే అయినట్టుంటుంది.

రాసినవాడి సంగతి ఇలా ఉంటే, చదివి ఊరుకున్నవాడి ఆనవాలు ఇంకా పలచన. ఫిన్లాండ్‌లో ఒక నర్సు తాను పనిచేసే ఆస్పత్రిలోనే హెచ్ఐవీకి చికిత్స తీసుకునేది. తన జబ్బు సంగతి తోటి ఉద్యోగులకు తెలిసిపోయిందన్న అనుమానం వచ్చి, తన రికార్డు ఎవరు తెరిచారో చెప్పమంది. ఆస్పత్రి చెప్పలేకపోయింది. అక్కడి వ్యవస్థ చివరి ఐదుసార్లు చూసిన వివరమే దాచేది; అదీ మనిషి పేరుతో కాదు, వార్డు పేరుతో. ఆమె ఓడుతూ ఓడుతూ యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. రికార్డును అనవసరంగా తెరవకుండా ముందే అడ్డుకోలేకపోవడం ఆమె వ్యక్తిగత జీవితపు హక్కును ఉల్లంఘించడమేనని 2008 జూలై 17న ఆ కోర్టు తీర్పు చెప్పింది.

సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. మిర్యాలగూడ నుంచి, కోదాడ నుంచి వచ్చే రోగికి కూడా ఆ నర్సుకు దక్కాల్సిన మర్యాదే దక్కాలి. మన 2017 నాటి హెచ్ఐవీ చట్టం కూడా రికార్డులు దాచే ప్రతి సంస్థా రక్షణ ఏర్పాట్లు చేసి తీరాలంటోంది. ఊరు చిన్నదైనకొద్దీ ఇది పెద్ద విషయం. హైదరాబాద్‌లో గుంపులో కలిసిపోవచ్చు, కోదాడ బస్టాండ్‌లో కలిసిపోలేం.

చేయలేనిదా అంటే, పాతికేళ్ల పాత విద్య. ఎవరికి ఏ వరుస కనబడాలో డేటాబేస్‌లోనే నియమంగా రాసే వీలు ఒరాకిల్ 1999 నాటికే ఇచ్చింది. పైసా ఖర్చు లేకుండా దొరికే పోస్ట్‌గ్రెస్‌లో 2016 జనవరిలో వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ అదే ఏడాది. కనెక్షన్లు పంచుకోవడం మానక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు ఇది ఫలానా వారి తరఫున అని అప్లికేషన్ చెబుతుంది, ఆ పేరుకు తగ్గ వరుసలే డేటాబేస్ ఇస్తుంది, ఆ పేరే చిట్టాలో రాస్తుంది. ప్రోగ్రామర్ ఒక తెరలో షరతు మరిచినా కింద గోడ నిలబడే ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రమాదముంది, యార్డులో కాటా వేసేవాళ్లకు వెంటనే తెలిసేది. ముందు రైతు బస్తా దించకుండానే రెండో రైతు బస్తా ఎక్కిస్తే తూకం ఎవరిదవుతుంది? ఒకరి పని ముగిశాక ఆ పేరు చెరపకుండా అదే కనెక్షన్ మరొకరికి ఇస్తే సరిగ్గా అదే జరుగుతుంది: మొదటివారి వరుసలు రెండోవారికి కనబడతాయి. కాబట్టి పేరు ఆ ఒక్క లావాదేవీ వరకే అంటి, అది ముగియగానే దానంతటదే పోయేలా పెట్టాలి. మరో చిక్కూ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో పట్టిక యజమాని ఖాతాకు ఈ నియమాలు మామూలుగా వర్తించవు. అప్లికేషన్‌ను ఆ ఖాతాతోనే నడిపితే గోడ కట్టి తలుపు తీసి పెట్టినట్టే. అప్లికేషన్‌నే ఎవరైనా పూర్తిగా చేజిక్కించుకుంటే అబద్ధపు పేరు చెప్పగలరన్నదీ నిజమే. అందుకే ఆ పేరు వెనక లాగిన్ రుజువు కూడా అడిగేలా కట్టడం మేలు.

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ఎవరికి ప్రవేశమో అదుపు చేయాలి, చిట్టాలు కనీసం ఏడాది దాచాలి అని వాటిలో ఉంది. రక్షణలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. పూర్తిగా అమలయ్యేది 2027 మే నుంచి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో మొదలైన భూభారతికి గానీ, ఇకముందు ఏ శాఖ పిలిచే టెండర్‌కు గానీ ఎవరికి ఏ వరుసో డేటాబేస్‌లోనే రాసి ఉండాలన్న షరతును ఇప్పుడే చేర్చడానికి అడ్డేమీ లేదు. కట్టాక గోడలు జరపడం కంటే ముగ్గు పోసేటప్పుడే చెప్పడం చవక.

పరీక్షించడమూ తేలికే. కోదాడ ఆపరేటర్ పేరు, మిర్యాలగూడ ఆపరేటర్ పేరు తీసుకుని, అప్లికేషన్ తెరలను పక్కనపెట్టి నేరుగా డేటాబేస్‌ను ఒకే ప్రశ్న అడగాలి: పట్టికలో ఉన్నవన్నీ చూపించు. కోదాడ పేరుకు కోదాడ వరుసలు, మిర్యాలగూడ పేరుకు మిర్యాలగూడ వరుసలు మాత్రమే రావాలి; పేరు చెప్పకుండా అడిగితే ఒక్క వరుసా రాకూడదు. ఆ ఫలితాన్ని చూసి సంతకం పెట్టాకే జిల్లా కలెక్టర్ ఆ పోర్టల్‌ను జనానికి తెరవాలి.