కింది రోడ్డు సంగతి తేల్చండి

ఇందిరా పార్కు దగ్గర వంతెన ఎక్కిన కారు సిగ్నల్ అన్నది లేకుండా వీఎస్‌టీ దగ్గర దిగుతోంది. అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, బాగ్‌లింగంపల్లి కూడళ్లతో దానికి పనే లేదు. అదే అశోక్‌నగర్‌లో, ఆ వంతెన నీడన, చంకలో పుస్తకాలతో చిక్కడపల్లి లైబ్రరీకి బయల్దేరిన గ్రూప్స్ అభ్యర్థి మాత్రం వచ్చే ప్రతి బండికీ చెయ్యి చూపిస్తూ, నడిమధ్యలో ఆగుతూ, చివరి నాలుగడుగులు పరుగు తీస్తూ రోడ్డు దాటుతున్నాడు. మొదటి ప్రయాణానికి 450 కోట్ల ప్రజాధనం పెట్టాం. రెండో ప్రయాణానికి ఎంత పెట్టామో ఆ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పరిసరాల్లో ఇక కొత్త వంతెనకు రూపాయి కూడా మంజూరు చేయకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం. ఉన్న వంతెన కింద, మెట్రో స్తంభాల పక్కన మిగిలిన నేలను నడిచేవాళ్లకూ బస్సులకూ అప్పగించే పని పూర్తయ్యేదాకా అలాంటి ఫైళ్లు కదలకూడదు.

ఈ ఉక్కు వంతెనకు 2020 జులైలో శంకుస్థాపన జరిగింది. 2023 ఆగస్టు 19న అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. వీఎస్‌టీ కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకుని తెలంగాణ తొలి హోం మంత్రి అయిన నాయిని నర్సింహారెడ్డి పేరు దానికి పెట్టారు. ఆ పేరు అక్కడ ఉండదగినదే. వంతెన పొడవు రెండుంపావు కిలోమీటర్లు, వెడల్పు నాలుగు వరుసలు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో మార్గాన్ని పైనుంచి దాటాలి కనుక నేల నుంచి దాదాపు 26 మీటర్లు లేచింది. నగరంలో మెట్రో మీదుగా వెళ్లిన తొలి వంతెన ఇదే. ఉక్కును ఎంచుకోవడానికి కారణమూ ఉంది. దూలాలు వేరేచోట తయారుచేసి తెచ్చి బిగిస్తే ఇరుకు రోడ్డులో పని తొందరగా తెములుతుంది, ఇళ్లు కూల్చడం తగ్గుతుంది. ఇంజనీర్ల పనితనానికి వంక పెట్టడం లేదు. ఎలా కట్టారన్న పేపరులో వాళ్లకు మంచి మార్కులే వేయవచ్చు. ఎవరి కోసం కట్టారన్న పేపరు మాత్రం ఇంతవరకూ ఎవరూ దిద్దలేదు.

ఈ పేటలకు పైకి లేచే నిర్మాణాలు కొత్త కాదు. నారాయణగూడకు ముందు ఫ్లైఓవర్ వచ్చింది, తర్వాత మెట్రో వచ్చింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్, ఎంజీబీఎస్ మధ్య 11 కిలోమీటర్ల మార్గం మొదలైనప్పుడు ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడలకు వరసగా స్టేషన్లు దక్కాయి. అందుకు మూల్యంగా, అసలే ఇరుకైన చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మధ్యలో స్తంభాలు నిలబడ్డాయి. ఆ వెనకే ఉక్కు వంతెన. ప్రతిసారీ వినిపించిన వాదన ఒకటే: రెండు పక్కలా ఇళ్లూ దుకాణాలూ ఉన్నాయి, వెడల్పు చేయలేం, కాబట్టి పైకి పోదాం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పైకి పోయేదేదైనా కిందే కాలు మోపాలి. స్తంభం, దాని చుట్టూ గట్టు, ఎక్కే ర్యాంపు, దిగే ర్యాంపు, పక్కన బక్కచిక్కిన సర్వీసు రోడ్డు, ఇవన్నీ నేల మీదివే. వేలాది బండ్లు పైకి వెళ్లిపోయాయంటే కింద ఆ మేరకు చోటు మిగలాలి కదా? ఆ చోటు ఎవరికి దక్కింది? ఆపి ఉంచిన కార్లకూ, ఎదురు దిశలో వచ్చే బైకులకూ దక్కింది. ట్రాన్స్‌ఫార్మరు, దుకాణం మెట్లు, హోర్డింగు కాళ్లు పోగా ఏమైనా మిగిలితే అది ఫుట్‌పాత్.

పోనీ, పైన వెళ్లేవాళ్ల కష్టమైనా పూర్తిగా తీరిందా? వంతెన కూడలిని దాటించగలదు గానీ, దిగిన తర్వాతి రోడ్డును వెడల్పు చేయలేదు. నాలుగు వరుసల మీద దూసుకొచ్చిన బండ్లన్నీ వీఎస్‌టీ దగ్గర విద్యానగర్ వైపో రామ్‌నగర్ వైపో పాత దారుల్లోకే సర్దుకోవాలి. ఇటు కొసన దిగినవి దోమలగూడ, లోయర్ ట్యాంక్‌బండ్ దారుల్లో ఇరుక్కోవాలి. సాయంత్రం ఏడింటికి ఆ కొసల దగ్గర బారులు తీరిన బండ్లను చూస్తే, మధ్యలో మిగిలిన నిమిషాల్లో కొన్ని చివర్లో ఖర్చవుతున్నాయని అర్థమవుతుంది. దీనికి మన ప్రణాళికా విభాగాల దగ్గర మందు ఎప్పుడూ సిద్ధమే: ఇంకో వంతెన. 2020 నాటి ప్రణాళికలోనే రామ్‌నగర్ నుంచి వీఎస్‌టీ మీదుగా బాగ్‌లింగంపల్లికి మూడు వరుసల వంతెన ఒకటి 76 కోట్ల అంచనాతో ఉంది. దాన్ని విరమించుకుంటున్నట్టు ప్రభుత్వం ప్రకటించాలి.

వెడల్పు చేసినకొద్దీ రద్దీ ఎందుకు తగ్గదో తెలుసుకోవడానికి మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన హ్యూస్టన్ నగరాన్ని చూడవచ్చు. అక్కడి కేటీ ఫ్రీవేను దాదాపు 280 కోట్ల డాలర్ల ఖర్చుతో 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లను కలుపుకుంటే కొన్నిచోట్ల 26 వరుసలు! పాత వంతెనలు తీసేసి కొత్తవి కట్టారు, పక్కనున్న పాత రైలు మార్గాన్నీ కలిపేసుకున్నారు. 2011 నుంచి 2014 మధ్యకు వచ్చేసరికే ఉదయం రద్దీ వేళ ప్రయాణ సమయం 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగిపోయాయి. ఇందులో మర్మమేమీ లేదు. దారి ఖాళీగా కనబడితే నిన్నటిదాకా బస్సెక్కినవాడు కారు తీస్తాడు. రద్దీకి భయపడి ఏడింటికే బయల్దేరేవాడు తొమ్మిదింటికి బయల్దేరతాడు. దూరమని ఇల్లు కొనడానికి వెనకాడినవాడు అడ్వాన్సు ఇచ్చేస్తాడు. ఈ సంగతి ఆంథొనీ డౌన్స్ 1962లోనే చెప్పాడు. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలన్నీ తీసి, రోడ్డు ఎంత పెరిగితే వాహనాల తిరుగుడూ దాదాపు అంతే పెరుగుతుందని తేల్చారు. ఎకరాలకు ఎకరాలు స్థలం, డాలర్లు ఉన్న టెక్సాస్‌లో తీరని కష్టం చిక్కడపల్లి సందుల్లో తీరుతుందని నమ్మాలంటే చాలా ధైర్యం కావాలి.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు ఆ పేరు రావడానికి కారణమైన బస్‌భవన్ అక్కడికి కూతవేటు దూరంలో ఉంది. రాష్ట్రం మొత్తానికీ బస్సులు నడిపే సంస్థ ముంగిట్లో ఇంత పెద్ద వంతెన కట్టి, బస్సెక్కే జనానికి అందులో వాటా లేకుండా చేశాం. వంతెన మీద స్టాపు లేదు, ఉండదు కూడా. బస్సు పైనుంచి పోతే అశోక్‌నగర్ ప్రయాణికుడికి అందదు, కిందినుంచి పోతే ఆటోల మధ్య, అడ్డదిడ్డంగా ఆపిన కార్ల మధ్య ఆగిపోతుంది. 2019 సమ్మె తర్వాత నగరంలో బస్సులను వందల సంఖ్యలో తగ్గించేశారు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి నిర్ణయమే. కానీ జనం పెరిగినంత వేగంగా బస్సులు పెరగలేదు. పొద్దున కాలేజీ వేళ నారాయణగూడలో ఆగే ఏ బస్సునైనా చూడండి, ఫుట్‌బోర్డు మీదా చోటుండదు. అందులో అరవై, డెబ్బై మంది ఉంటారు. వాళ్లు రోడ్డు మీద ఆక్రమించే స్థలం రెండు మూడు కార్లది. ఆ కార్లలో మహా అయితే అయిదారుగురు. రోడ్డు మీది చోటును వాహనాల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలని కేంద్రం 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానంలో రాసుకుంది. రాసుకున్నదాన్ని పాటిస్తే చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మొదటి హక్కు ఎవరిదో ఇంత వాదన అక్కర్లేదు.

నడిచేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు చనిపోయారు. ఆ ఏడాది రోడ్ల మీద పోయిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు కాలినడకన వెళ్తున్నవారే. ఆక్రమణలు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నడిచేందుకు ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. కార్పొరేషన్ అధికారులు ఒక టేపు పట్టుకుని అశోక్‌నగర్ చౌరస్తా నుంచి త్యాగరాయ గానసభ దాకా నడిచి చూడాలి. ఆ 1.8 మీటర్లు ఎన్నిచోట్ల దొరుకుతాయో రాసుకుని రావాలి. ఇది నడకతో బతికే ప్రాంతం. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ షాపులు, లైబ్రరీ, అన్నీ ఒకదానికొకటి కాలినడక దూరంలో ఉండబట్టే ఖమ్మం నుంచీ ఆదిలాబాద్ నుంచీ వచ్చిన పిల్లలు తక్కువ ఖర్చుతో ఇక్కడ నెట్టుకురాగలుగుతున్నారు. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లకు వచ్చే జనం, సాయంత్రం గానసభకు చేతికర్రతో వచ్చే పెద్దాయన, వీళ్లెవరికీ ఆ వంతెన పనికిరాదు.

కింద ఖర్చు పెట్టాల్సింది రోడ్డు మీద ఒక్కటే కాదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా ఈ పేటల మధ్యనుంచే మూసీకి పోతుంది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నాలా పక్క పేటలు ఎలా మునిగాయో ఇక్కడి పాతవారికి గుర్తే. సియోల్ నగరం ఇలాంటి వాగు మీదే ఎత్తు రోడ్డు వేసుకుంది. పాతబడ్డ ఆ రోడ్డును బాగుచేయడమా, తీసేయడమా అని తర్జనభర్జన పడి 2003లో కూల్చడం మొదలుపెట్టింది. 2005 నాటికి వాగును బయటికి తెచ్చింది. మధ్యలో 2004లో బస్సులకు ప్రత్యేక వరుసలు వేసింది. నగరమేమీ స్తంభించలేదు.

మేం ఉక్కు వంతెనను కూల్చమనడం లేదు. కట్టినదాన్ని వాడుకోవాల్సిందే. దాని మీదుగా ఉప్పల్, అంబర్‌పేట వైపు నుంచి లక్డీకాపూల్ దాకా ఆగకుండా వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సులు నడపవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ ఉక్కుకు రంగులు, కీళ్లకు మరమ్మతులు అవసరమవుతాయి. వాటికి ఇప్పటినుంచే విడిగా నిధి పెట్టకపోతే మరో ఇరవై ఏళ్లకు దాన్ని మార్చాలా, ఉంచాలా అన్న చర్చ మన పిల్లల నెత్తిన పడుతుంది.

విచారకరమైన సంగతేమంటే, ప్రభుత్వం మారినా నమూనా మారలేదు. బీఆర్ఎస్ హయాంలో రోడ్ల పథకం పేరు ఎస్ఆర్‌డీపీ, కాంగ్రెస్ హయాంలో అది హెచ్-సిటీ. దీనికి 7,032 కోట్ల అంచనాలు, వాటిలో మళ్లీ సింహభాగం ఫ్లైఓవర్లూ అండర్‌పాస్‌లే. ప్రారంభోత్సవానికి వంతెన బాగుంటుంది, ఫుట్‌పాత్‌కు రిబ్బన్ ఎవరు కడతారు? నగరంలో రవాణా వ్యవస్థలన్నిటినీ ఒక తాటి మీదికి తేవాల్సిన ఉమ్టా 2008 నుంచీ ఉంది. ఈ వంతెనల్లో ఒక్కదాన్నైనా ఆపగలిగే అధికారం దానికి ఇంతవరకూ ఇవ్వలేదు.

కనుక ముందు లెక్కలు బయటపెట్టండి. వంతెనకు ముందు, తర్వాత ఇందిరా పార్కు, వీఎస్‌టీ కొసల్లో బండ్లు ఎంతసేపు ఆగుతున్నాయో, కింద బస్సు వేగం ఎంతో, ఎంతమంది నడిచివెళ్తున్నారో జీహెచ్ఎంసీ, ట్రాఫిక్ పోలీసులు ప్రజల ముందుంచాలి. వంతెన కింద పార్కింగు పూర్తిగా ఎత్తేయాలి. అయితే ఆ పేరు చెప్పి ఇడ్లీ బండ్లను తరిమేస్తే ఊరుకోకూడదు. 2014 చట్టం ప్రకారం వీధి వ్యాపారులకు చోటు గుర్తించి ఇవ్వాల్సిన బాధ్యత కార్పొరేషన్‌దే. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద రద్దీ వేళల్లో ఒక వరుసను బస్సులకే వదలాలి. అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ కూడళ్లలో నడిచేవాళ్ల కోసం సిగ్నల్ విడిగా పడాలి, అదీ ముసలివాళ్లు దాటేంత సేపు. మెట్రో మెట్లు దిగిన ప్రయాణికుడి కాలు నేరుగా ఫుట్‌పాత్ మీద పడాలి, బైకుల మీద కాదు.

మొదటి ముక్కగా అశోక్‌నగర్ చౌరస్తా నుంచి లైబ్రరీ గేటు దాకా చేసి చూపించవచ్చు. అందుకు భూసేకరణ అక్కర్లేదు, ఉక్కు అక్కర్లేదు, మెట్రో అనుమతీ అక్కర్లేదు. గడువు కావాలంటే వచ్చే గ్రూప్స్ నోటిఫికేషన్ వెలువడేలోగా అని పెట్టుకోండి. మన నియామకాల వేగం తెలిసినవాళ్లెవరూ అది తక్కువ వ్యవధి అనరు.