చాళ్ల పిల్లల చదువునకు చెరగని చోటు

ముంబయి దీవుల నడుమనున్న సముద్రపు గండ్లను పూడ్చి నగరమును ఒక్క నేలగా కలుపుచున్న కాలమున, అనగా పద్దెనిమిదవ శతాబ్దపు చివరి దినములయందును, ఆ పిమ్మటను, నిజాం రాజ్యములోని తెలుగు పల్లెలనుండి బయలుదేరి వచ్చి, రాయి మోసి, మన్ను త్రవ్వి, సున్నము కలిపి, ఆ పల్లపు నేలయందే కాపురములు నిలుపుకొన్న శ్రమజీవులను నగరము కామాఠీలని పిలిచినది. వారి పేరనే ఆ పేటకు కామాఠిపురమను పేరు స్థిరపడినది. తరువాతి తరములవారు బట్టల మిల్లులలో చేరి పరేలు, వర్లీ, ప్రభాదేవి, నాయిగాం ప్రాంతముల చాళ్లకు, అనగా ఒంటిగది యిండ్ల వరుసలకు, వ్యాపించిరి. 1982 జనవరి 18న ఆరంభమైన మహాసమ్మె పిమ్మట ఒక్కొక్క మిల్లే మూతపడగా, మగ్గమును నమ్ముకొన్న ఇండ్లలో చదువు తప్ప వేరు ఆస్తి మిగులలేదు. ఆ చదువు నేడు కంప్యూటరు లేనిదే సాగుట లేదు. అట్టి కంప్యూటరులో ఆ పిల్లలకు తమదని చెప్పుకొనదగిన చోటెక్కడ గలదన్నదే నా ప్రశ్న.

1920ల దశకమున బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటువారు కట్టించిన బీడీడీ చాళ్లలో ఒక్కొక్క ఖోలీ (గది) వైశాల్యము సుమారు 160 చదరపుటడుగులు. వంట, పడక, పూజ, చుట్టముల రాకపోకలు అన్నియు ఆ నాలుగు గోడల నడుమనే. అట్టి యింట బల్ల వేసి కంప్యూటరు నిలుపుట యెట్లు? ఇంటనున్న ఫోను తండ్రిది; ఆయన పనికి పోవునప్పుడు అదియు వెంటనే పోవును. కావున బాలుడో బాలికయో పాఠశాలలోని యంత్రము వద్దకో, సంఘమువారి పఠనాలయమునకో, తెలిసినవారి దుకాణమునకో పోయి, పదిమంది వాడు యంత్రముపై గంటసేపు కూర్చుండవలసివచ్చును. అచ్చట వ్రాసినదానిని విడిచివచ్చినచో తరువాత కూర్చున్నవాడు చూచును, లేదా తుడిచివేయును. విడువకుండ తెచ్చుకొందమన్నచో పత్రములు మాత్రమే వెంటవచ్చును గాని, తాను ఏర్పరచుకొన్న అమరికలు, తెలుగు కీబోర్డు, సగము వ్రాసిన ప్రోగ్రాము నడుచుటకు వలసిన సరంజామా వెంటరావు. ప్రతిదినమును మొదటి దినమే యగుచుండ విద్య యెట్లు పెంపొందును?

దీనికొక ఉపాయము మనవారి గుమ్మము ముందే యున్నది. కామాఠిపుర గల్లీలనుండి నడిచిపోదగిన దూరముననే లామింగ్టన్ రోడ్డు కలదు. ఎలక్ట్రానిక్ సామగ్రికి ముంబయి యంతటను పేరెన్నికగన్న ఆ వీథిలో 32 జీబీల పెన్ డ్రైవు కొన్ని వందల రూపాయలకు లభించును. వాడి విడిచిన లాప్‌టాప్‌లును దొరకును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసినది. క్రొత్త విండోసునకు చాలని యంత్రములు పనికిరానివని పలువురు భావింతురు. కాని అవి లినక్సునకు చక్కగా పనికివచ్చును. పైగా లినక్సును యంత్రములోని డిస్కునందు స్థాపింపనక్కరలేదు. వ్యవస్థనంతయు పెన్ డ్రైవునందే యుంచి, యంత్రమును దానినుండియే మేల్కొలిపి, పని ముగిసిన పిమ్మట డ్రైవును జేబులో వేసికొని పోవచ్చును. దీనిని లైవ్ లినక్స్ అందురు. జర్మనీకి చెందిన క్లౌస్ క్నోపర్ 2000వ సంవత్సరమున విడుదల చేసిన క్నాపిక్స్ సీడీ ఈ పద్ధతికి లోకమున ప్రచారము తెచ్చినది. యజమాని డిస్కునందలి ఒక్క అక్షరమైనను కదలకుండ, పరుల యంత్రముపై స్వంత వ్యవస్థను నడుపుకొనుట దీనివలన సాధ్యమైనది.

అయితే లైవ్ వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన లోపమొకటి కలదు. అందలి ఫైళ్లన్నియు స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అను రూపమున గట్టిగా కుదించి ముద్రవేయబడి యుండును. చదువవచ్చునే గాని మార్పరాదు. మనము చేయు మార్పులన్నియు ర్యామునందు మాత్రమే నిలుచును. అచ్చువేసిన పటముపై పలుచని కాగితము పరచి, దానిపై గీతలు గీచినట్లు, చూచువానికి రెండును కలిసి యొక్కటిగానే కనబడును. పటమునందలి యొక గీతను చెరిపినట్లు తోచినను నిజమునకు ఆ గీత క్రింద అట్లే యుండి, పై కాగితమున దానిపై తెల్లని మరుగు మాత్రము పడును. లినక్స్ కెర్నెలులో ఈ యేర్పాటునకు ఓవర్‌లేఎఫ్‌ఎస్ అని పేరు. 2014 డిసెంబరున వెలువడిన 3.18వ కెర్నెలుతో అది మూలవ్యవస్థలో చేరినది. విద్యుత్తు పోయినను, యంత్రము నాపినను, ర్యామునందలి ఆ పై కాగితము నశించును. లైవ్ లినక్సును చూచి ముచ్చటపడి మరునాడే దానిని విడిచినవారు పెక్కుమంది ఈ విస్మృతి చేతనే విడిచిరని నా నమ్మకము.

ఆ పై కాగితమును ర్యామునందు గాక పెన్ డ్రైవునందే పరచుటను పర్సిస్టెన్స్ అందురు. చేయవలసిన పని మిక్కిలి స్వల్పము. డ్రైవులో వ్యవస్థ యాక్రమింపగా మిగిలిన చోట రెండవ పార్టిషను నొకదానిని సృష్టించి, దానిని ఎక్స్‌ట్4 రూపమున ఫార్మాటు చేయవలెను. లినక్సునకు ఆవశ్యకమైన ఫైలు యాజమాన్యపు గుర్తులు, అనుమతులు ఫ్యాట్32లో నిలువవు గనుక ఎక్స్‌ట్4 తగినది. లినక్స్ రూపాంతరములలో నొకటైన డెబియన్ లైవ్ అయినచో ఆ పార్టిషనునకు పర్సిస్టెన్స్ అనియే లేబులుంచి, అందు పర్సిస్టెన్స్.కాన్ఫ్ అను చిన్న ఫైలునుంచి, ఏయే ఫోల్డరులోని మార్పులు నిలువవలెనో అందు ఒక్కొక్క పంక్తిగా వ్రాసి, యంత్రము మేల్కొనునప్పుడు కెర్నెలు పంక్తిలో పర్సిస్టెన్స్ అను మాటను చేర్పవలెను. మరియొక రూపాంతరమైన ఉబుంటులో లేబులు పూర్వము కాస్పర్-ఆర్‌డబ్ల్యూ. ఇటీవలి విడుదలలలో రైటబుల్. చేర్పవలసిన మాట పర్సిస్టెంట్. కొందరు ప్రత్యేక పార్టిషను లేకుండ ఫ్యాట్32 భాగములోనే యొక పెద్ద ఫైలును సృష్టించి దానిని వాడుదురు. కాని ఫ్యాట్32లో ఏ ఫైలును 4 జీబీలకు మించి పెరుగజాలదు గనుక ఆ మార్గము ఇరుకైనది.

ఇంతవరకు నేర్పువారెల్లరు చెప్పుదురు. పర్సిస్టెన్స్.కాన్ఫ్ ఫైలులో ఏమి వ్రాయవలెనన్నచోట మాత్రము వారితో నాకు భేదము కలదు. సాధారణముగా వారు మూలఫోల్డరును సూచించు గీత నొకదానిని వ్రాసి, దాని ప్రక్కన యూనియన్ అని చేర్చి, సమస్తమును నిలుపుకొమ్మందురు. నిపుణునకది హితమే. పిల్లవాని చేతికిచ్చు డ్రైవునకు అది హితము కాదు. సమస్తమును నిలిచినప్పుడు ప్రతి అప్‌డేటును పై పొరలో చేరును, క్రిందనున్న పాత ఫైలు తాను ఆక్రమించిన చోటును విడువదు. అందువలన కొలదికాలములోనే డ్రైవు నిండిపోవును. కెర్నెలును మార్చుటకు యత్నించినచో మరింత చిక్కు: యంత్రము మేల్కొనునది ముద్రవేసిన భాగమునందలి పాత కెర్నెలుతోనే, క్రొత్తది పై పొరలో నిరుపయోగముగా పడియుండును. ఒకానొకనాడు వ్యవస్థ లేవకపోయినచో ఆ బాలుడు తన చేతిపనినంతయు పోగొట్టుకొన్నానని యేడ్చును, మరల దాని జోలికి పోడు.

కావున హోం ఫోల్డరును మాత్రమే నిలుపవలెనని నా దృఢాభిప్రాయము. డెబియనులో ఆ ఫోల్డరు పేరుతో నొక పంక్తి, వైఫై పాస్‌వర్డులు నిలువవలెనన్నచో నెట్‌వర్క్‌మేనేజరు ఫోల్డరు పేరుతో మరియొక పంక్తి చాలును. ఉబుంటులో హోం-ఆర్‌డబ్ల్యూ అను లేబులు ఇందునకే యేర్పడినది. ఇట్లు చేసినచో బాలుని వ్రాతలు, చిత్రములు, ప్రోగ్రాములు, కీబోర్డు అమరిక నిలుచును. వ్యవస్థ మాత్రము ప్రతిదినము నిర్మలముగా లేచును. ఏడాదికొకసారి క్రొత్త విడుదల వచ్చినప్పుడు హోం ఫోల్డరును వేరొకచోట నకలు తీసి, డ్రైవుపై క్రొత్త ప్రతిని వ్రాసి, నకలును తిరిగి చేర్చుకొనవచ్చును. తెలుగు కీబోర్డును వ్రాయుపద్ధతులను, పోతన, వేమన మొదలైన ఫాంటులను పిల్లలు తామే స్థాపించుకొనవలెనని విడువక, పంచిపెట్టు ప్రతియందే ముందుగా చేర్చియుంచవలెను. అప్పుడు మూలఫోల్డరును తాకవలసిన అవసరమే రాదు.

గోప్యతను గూర్చి కూడ నేను రాజీపడను. 160 చదరపుటడుగుల యింట పెరుగు బాలికకు తన దినచర్యను వ్రాసికొని దాచుకొను చోటు లేదు. కామాఠిపురమన్న చిరునామా విన్నంతనే మొగము త్రిప్పుకొను నగరములో, ఆ గల్లీల సామాన్య గృహస్థుల పిల్లలు తమ ఉద్యోగపు దరఖాస్తులను, ధ్రువపత్రములను పరుల యంత్రములలో విడిచిరావలసిన గతి పట్టుట నాకు మిక్కిలి బాధాకరము. ఆ రెండవ పార్టిషనును లక్స్ పద్ధతిలో గూఢపరచినచో, డ్రైవు లోకల్ రైలులో జారిపడినను కనుగొన్నవానికి పాస్‌వర్డు లేనిదే అందలి యక్షరములు దక్కవు. పాస్‌వర్డు మరచినచో స్వంతదారునకును దక్కవు గనుక, ఆ సంగతి పిల్లలకు మొదటి దినముననే గట్టిగా చెప్పవలెను. పరుల యంత్రమునందే మోసపు పరికరమున్నచో ఈ రక్షణ చాలదనియు చెప్పవలెను. నమ్మదగినవారి యంత్రములనే వాడుట మేలు.

ఇవన్నియు ఎందులకు, ఫోను లేదా, క్లౌడు లేదా యని అడుగువారు కలరు. క్లౌడునకు ఖాతా కావలెను, ఖాతాకు ఫోను నంబరు కావలెను, ఆ నంబరు తండ్రిది. నెట్ ప్యాకు ముగిసిన దినమున ఆ భాండాగారపు తలుపు మూతపడును. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి: ఫోనులో చూడవచ్చును, వినవచ్చును, పంపవచ్చును, కాని ఒక వ్యాసమును దిద్ది తీర్చుట, ఒక ప్రోగ్రామును వ్రాసి తప్పులను వెదకుట, యంత్రము లోపల నేమి జరుగుచున్నదో తెలిసికొనుట కంప్యూటరు మీదనే అలవడును. తాత రాయిని మలచినాడు, తండ్రి నూలును నేసినాడు. మనుమడు యంత్రము ముందు కేవలము ప్రేక్షకుడై కూర్చుండుట తగదు.

ఈ పనికి మనవారు కొరవడలేదు. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడుచు లినక్సును రూపొందించి, బాలల కొరకు బాల స్వేచ్ఛ యను వ్యవస్థను ప్రత్యేకముగా సిద్ధపరచినది. కేంద్రప్రభుత్వపు సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారముగా రూపొందించిన బాస్ లినక్స్ తెలుగుతోసహా భారతీయభాషలకు తోడ్పడుచున్నది. ముంబయి నగరపాలకసంస్థ యెనిమిది భాషలలో పాఠశాలలు నడుపుచున్నది. వానిలో తెలుగు నొకటి. మరాఠీ రాజధానిలో తెలుగు బడి నిలిచియుండుట సామాన్యవిషయము కాదు. ఆ బడికి పంపు తలిదండ్రులు పలువురు ఇంగ్లీషు బడుల వైపు చూచుచున్న ఈ కాలమున, తెలుగులోనే కంప్యూటరును లోతుగా నేర్పగల బడి యని పేరు తెచ్చుకొన్నచో అది వారిని నిలుపుకొనుటకు సాయపడగలదు.

నిధుల ప్రసక్తి వచ్చినప్పుడు మన సంఘములవారికి వారి పూర్వులనే జ్ఞాపకము చేయుదును. 1873 సెప్టెంబరు 24న జ్యోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజమును స్థాపింపగా, ముంబయిలో దానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు వంటి తెలుగువారు ప్రముఖులు. కట్టడపు పనులలో ఆర్జించిన ధనమును శూద్రాతిశూద్రుల విద్యాప్రచారమునకు వెచ్చించుట తమ ధర్మమని నాటి కామాఠీ పెద్దలు భావించిరి. నేటి పద్మశాలి సంఘములును, ఇతర తెలుగు సంఘములును ఉత్సవముల పందిళ్లకు చేయు వ్యయములో నొక చిన్న భాగమును మరల్చినచో, ఎనిమిదవ తరగతి దాటిన ప్రతి తెలుగు బాలునకును బాలికకును ఒక్కొక్క డ్రైవు నీయవచ్చును. రెండేసి యిచ్చుట ఇంకను శ్రేయస్కరము. పెన్ డ్రైవు అల్పాయుష్కమైన వస్తువు, మాటిమాటికి వ్రాయుటచే అరుగును, యంత్రమును సక్రమముగా ఆపకుండ ఊడలాగినచో అందలి ఫైళ్లు చెడును. నెలకొక ఆదివారము సంఘపు గదిలో పెద్దపిల్లలు చిన్నపిల్లల ప్రక్కన కూర్చుండి రెండవ డ్రైవునకు నకలు తీయించు ఏర్పాటుండవలెను.

బీడీడీ చాళ్లు కూలి వాని స్థానమున మేడలు లేచుచున్నవి. కామాఠిపుర పునర్నిర్మాణమును గూర్చియు ప్రభుత్వము యోచనలు సాగించుచున్నది. ఇండ్లు మారు కాలమున కుటుంబములు తాత్కాలిక నివాసములకు పోవును, పిల్లలు బడికి దూరమగుదురు, పఠనాలయములు చెదరును. అట్టి సంధికాలమునకు ముందే ఈ పని ఆరంభింపవలెను. సంఘములవారు డ్రైవులను కొనగలరు, స్వచ్ఛంద సేవకులు ప్రతిని సిద్ధపరుపగలరు. వారి చేతిలో లేనిది ఒక్కటే. బడులలోని యంత్రములు యూఎస్‌బీ నుండి మేల్కొనకుండ పలుచోట్ల బయోస్‌లో తాళము వేయుదురు. ఆ తాళమును తెలుగు బడుల కంప్యూటరు గదులలో తీయుటకు నగరపాలకసంస్థ విద్యాశాఖవారు అనుమతి నీయవలెను. లోపలి డిస్కునకు హాని కలుగునన్న సంశయమున్నచో, ఆ గదిలోని యంత్రములనుండి డిస్కులనే తొలగించి, ఎవరి డ్రైవుతో వారు పనిచేసికొను గదిగా దానిని మార్చినను సరియే.