గోడ మీది పటం తీస్తే ఇంటి రేటు పెరుగుతదా?

పోయిన నెల గోదావరిఖనిల మా కాక ఇల్లు అమ్ముతనంటే సాయానికి పోయిన. సొంత కాక గాదు, మా బాపుతోని ఒకే బాయిల నైట్ షిఫ్టులు జేసిన మనిషి. దిగిపోయి ఆరేండ్లయింది. కొడుకు హైదరాబాద్‌ల క్యాబ్ నడుపుతడు, బిడ్డ అత్తగారింట్ల ఉన్నది. చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు రూములు, వంటిల్లు, ముందట రేకుల షెడ్డు, ఒక జామచెట్టు. గంతే ఇల్లు.

ఫొటోలు దించెతందుకు బ్రోకర్ పిలగాడు ఒకడు వచ్చిండు. ఇరవై ఐదేండ్లుంటయేమో. మంచోడే, మర్యాదగనే మాట్లాడిండు. "కాకా, జెర సామాన్లు తీద్దాం" అన్నడు. దండెం మీది బట్టలు పోయినయ్. మంచం షెడ్డులకు పోయింది. ఫ్రిజ్ మీది మందుల డబ్బా, మూలకున్న బియ్యం బస్తా, కాక పాత హెల్మెట్ అన్ని పోయినయ్. ఫోన్ తీసి 0.5 పెట్టి మూలకు నిలబడి దించితే, పది బై పది రూము ఫంక్షన్ హాల్ లెక్క కనవడ్డది. చిన్నమ్మకు నవ్వాగలే. "గిది మనిల్లేనా?" అన్నది.

గీడిదాంక నాకేం ఇబ్బంది లేదు. అమ్ముకునేటోడు ఇల్లు సదురుకుంటే తప్పేముంది? పెండ్లిచూపులకు మనం సున్నం ఏస్తలేమా? అమెరికాల దీన్ని 'హోమ్ స్టేజింగ్' అంటరు. 1970లల్ల మొదలైన ఆ పని ఇయ్యాల అక్కడ పెద్ద దందా. ఉంటున్నోళ్ల గుర్తులు తీసేసి, కిరాయికి సోఫాలు తెచ్చి, కొనేటోడు 'గిది నా ఇల్లే' అనుకునేటట్టు జేస్తరు. ఆ తరీక యూట్యూబ్‌ల, రీల్స్‌ల మన దాంక వచ్చింది.

అయితే ఆ పిలగాడు హాల్ల నిలబడి గోడ దిక్కు జూసి, గొంతు తగ్గించి అన్నడు: "కాకా, అంబేద్కర్ పటం కూడా తీద్దాం. ఏమనుకోకు. ఫొటోల అది కనవడితే ఫోన్లు తక్కువొస్తయ్."

కాక ఏమనలే. చిన్నమ్మ నవ్వు ఆగిపోయింది.

పిలగాన్ని తిట్టి లాభం లేదు. వాడు అబద్ధం చెప్పలే, మార్కెట్ ఎట్లున్నదో చెప్పిండు. వాని ఇంటిపేరు అడిగితే వాడు కూడా మావోడే. గిది ఒక్క ఖని ముచ్చట గాదు. సుఖదేవ్ థోరట్, ఇంకొందరు కలిసి ఢిల్లీ చుట్టుపక్కల కిరాయి ఇండ్ల మీద ఒక అధ్యయనం చేసిన్రు, 2015ల అచ్చయింది. ఒకే రకం నౌకరి, ఒకే రకం మాట, పేర్లు మాత్రం వేరు వేరు పెట్టి ఓనర్లకు ఫోన్లు చేసిన్రు. దళితుల పేరు వింటే కొందరు ఇల్లు లేదన్నరు, ముస్లింల పేరు వింటే ఇంకా ఎక్కువ మంది లేదన్నరు. కోర్టుకు పోదామంటే అక్కడ కూడా తొవ్వ సాఫ్‌గ లేదు. 2005ల జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసుల సుప్రీంకోర్టు, ఒక సొసైటీ తన మతపోళ్లనే మెంబర్లుగ పెట్టుకోవచ్చు అన్నది. 

బాయిల దిగినంక అందరి మొకాలు ఒక్కతీరే నల్లగ ఉంటయని మా బాపు అనేటోడు. నలుబై ఏండ్లు తట్ట, చెమ్మాస్ కలిసి మోసినోళ్లు ఇల్లు అమ్ముకునేకాడ పటం తీసి దాసుకోవాలన్నట్టు. శిలువ ఉన్న ఇంటికి, కాబా ఫొటో ఉన్న ఇంటికి కూడా గిదే సలహా ఇస్తున్నరు, నేను అడిగి తెలుసుకున్న. వెంకటేశ్వరస్వామి పటం తియ్యమని మాత్రం ఎవ్వలు చెప్పలే. 'ఎవలి గుర్తులూ లేని ఇల్లు' అని పైకి అంటరు గని, కొన్ని గుర్తులే గుర్తుల కింద లెక్క.

ఇగ రెండో ముచ్చట. బెడ్రూం గోడకు కిటికి మూల నుంచి పైకప్పు దాంక ఒక పగులు ఉన్నది. పిలగాడు "పుట్టి కొట్టి ఒక కోటు పెయింట్ ఏద్దాం, అయిదు వేలల్ల అయిపోతది" అన్నడు. పటం తీసుడు కన్నా నాకు గిది పెద్ద తప్పు అనిపించింది.

ఓపెన్ కాస్టుల దగ్గర ఉన్న ఊర్లల్ల పగుళ్ల ముచ్చట కొత్తది గాదు, దాని మీద ఎన్ని ధర్నాలయినయో మీకు తెలుసు. కాక ఇంటి పగులు బ్లాస్టింగ్‌తోని వచ్చిందా, నల్లరేగడిల పునాది కుంగితే వచ్చిందా, తేల్చి చెప్పెటోడు లేడు. దానికి లెక్క మాత్రం ఉన్నది. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997ల ఒక సర్క్యులర్ ఇచ్చింది. గని యజమానివి గాని మామూలు ఇండ్ల కాడ భూమి అదురు, 8 హెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నప్పుడు, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటొద్దు. ఆ అదురును కొలిచే మిషిన్లు ఉన్నయ్. పగులు కనవడితేనే 'మా ఇంటికాడ కొలువుండ్రి' అని అడుగుతం. పుట్టి కొట్టినంక ఏం జూపి అడుగుతం? ఒక్కొక్కడు ఇల్లు అమ్ముకునెతందుకు పగులు మూస్తే, గల్లి మొత్తం సాక్ష్యం మాయమైతది.

కొనేటోడు ఎవడు? ఎక్కువ శాతం వాడు కూడా మనసొంటోడే. వాని కొడుకు మంచం గా గోడ పక్కకే ఏసుకుంటడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ల సాఫ్‌గ ఉన్నది: అమ్మేటోనికి తెలిసి, కొనేటోడు మామూలుగ జూస్తే కనవడని పెద్ద లోపం ఉంటే అమ్మేటోడే చెప్పాలె. చెప్పకుంటే అది మోసం కింద లెక్కకొస్తది. పుట్టి అంటే కనవడే లోపాన్ని కనవడకుంట జేసుడే గదా.

ఫొటోల ఎంత దించినా కనవడనిది ఇంకోటి ఉన్నది, కాయిదం. మన బొగ్గు బెల్టుల బాయిలు మొదలైనప్పుడు ఊర్లకెళ్లి వచ్చినోళ్లు ఎక్కడ జాగ దొరికితే అక్కడ గుడిసె ఏసిన్రు, గుడిసె రేకులయింది, రేకులు స్లాబ్ అయినయ్. కంపెనీ జాగలల్ల ఉన్నోళ్లకు జీవో 76, సర్కారు జాగలల్ల ఉన్నోళ్లకు 2014 డిసెంబర్ల ఇచ్చిన 58, 59 జీవోలు వచ్చినయ్. కొందరికి పట్టాలయినయ్, కొందరియి ఇంకా ఫైళ్లల్లనే ఉన్నయ్. మస్తు ఇండ్లు నోటరీ మీద, బాండ్ పేపర్ మీద చేతులు మారినయ్. వంద రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పదు. జీపీఏ, అగ్రిమెంటు మీద కొంటే హక్కు రాదని 2011ల సూరజ్ ల్యాంప్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఉన్నయంటే పన్ను కట్టిన్రు, బిల్లు కట్టిన్రు, అంతే. మన రాష్ట్రంల రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి ఏడున్నర శాతం దాంక పడుతదని భయపడి బాండ్ పేపరుకు పోతరు. ఇరవై లక్షల ఇంటికి లక్షన్నర. బరువే. కాని కొడుకుల కాలానికి కోర్టు ఖర్చు అంతకన్నా ఎక్కువైతది.

తమ్మీ, చెల్లే, గ్రూపులల్ల ఫొటో జూసి ఫోన్ పేల టోకెన్ కొట్టకుండ్రి. ఎవలదో ఇంటి ఫొటోలు ఎత్తుకపోయి ఇంకోడు అడ్వాన్సు తీసుకునుడు ఎంతసేపటి పని? ఈసీ తీయించుండ్రి, లింకు డాక్యుమెంట్లు అడుగుండ్రి. మీ ఇంటి ఫొటోలు పెట్టేటోళ్లు కూడా జెర జూసుకోండ్రి. పిల్లల మొకాలు, బీరువ తాళం, గోడకంటిచ్చిన గ్యాస్ బుక్కు నంబర్ గిట్ల ఫొటోల పడుతయ్. ఇల్లు అమ్ముడుపోయినంక కూడా ఆ ఫొటోలు నెట్‌ల తిరుగుతనే ఉంటయ్.

కాక సాయంత్రం దాంక ఆలోచన జేసిండు. చీకటైతుంటే "ఫొటో మళ్ల తియ్యి బిడ్డా" అన్నడు పిలగానితోని. పటం గోడ మీదనే ఉన్నది. పగులు పక్కన స్కేలు పెట్టి ఒకటి దించిన్రు, కింద 'రెండేండ్ల నుంచి ఉన్నది' అని రాయించిండు. సామాన్లు మాత్రం షెడ్డులనే ఉంచిన్రు, చిన్నమ్మకు ఇల్లు గట్ల ఖాళీగ ఉంటే బాగుందట.

మూడు వారాలల్ల తొమ్మిది ఫోన్లొచ్చినయ్. ఇద్దరు పటం జూసి ఊరుపేరు, ఇంటిపేరు అడిగి మళ్ల చెయ్యలే. ఒకాయన రేటు రెండు లక్షలు తగ్గించమన్నడు, పగులు జూపిచ్చి. కాక లక్ష దాంక తగ్గుత అన్నడు. ఆయన వచ్చే ఆదివారం పెండ్లాం పిల్లలను తీసుకొని వస్తనన్నడు. "ఆదివారం వద్దు, పనిదినం రా. బ్లాస్టింగ్ టైంకు ఇంట్ల కూసుండి, అదురు ఎట్లున్నదో జూసి అప్పుడు చెప్పు" అన్నడు కాక.