పాము కాదు, వానపాము అంతకన్నా కాదు

బోటు ఒడ్డుకొచ్చి వల దులిపాక రొయ్యలు ఒకపక్కకి, అమ్ముడుపోయే చేపలు ఇంకోపక్కకి ఏరేస్తారు. మిగిలిందంతా చెత్త చేప. ఎండబెడితే కోళ్ల దాణాకి పోతుంది. ఆ మిగులులో ఒక్కోసారి పెన్సిలంత లావున, జానెడు పొడుగున, కళ్లున్నాయో లేవో తెలీనట్టు ఓ జీవి మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. కాస్త పెద్దదైతే 'పాము' అంటాం. మరీ సన్నగా ఉంటే 'వానపాము' అనేస్తాం. రెండూ తప్పే. అది చేప.

ఇంగ్లీషులో దాన్ని వార్మ్ ఈల్ అంటారు. మన మలుగుపాముకి దూరపు చుట్టం. దాని కుటుంబం పేరు ఓఫిక్తిడే. గ్రీకులో ఓఫిస్ అంటే పాము, ఇక్తిస్ అంటే చేప. కుటుంబం మొత్తమ్మీద 300 పైచిలుకు జాతులున్నాయి. ఇందులో రెండు వర్గాలు: స్నేక్ ఈల్స్, వార్మ్ ఈల్స్. (పులుసులో మనం లొట్టలేసుకుంటూ తినే బొమ్మిడాయి కూడా పొడుగ్గానే ఉంటుంది కానీ, దానికీ వీటికీ చుట్టరికం లేదు. ఆకారం చూసి వంశం చెప్పలేమనడానికి మన ఇంట్లోనే సాక్ష్యం అన్నమాట.)

ఈ రెండు వర్గాల్నీ ఎలా విడదీస్తారంటే, ముందు తోక చూస్తారు. స్నేక్ ఈల్ తోక చివర రెక్క ఉండదు. మేకు మొనలా గట్టిగా ఉంటుంది. ఆ మొనని ఇసకలో గుచ్చి వెనక్కి వెనక్కి దిగబడిపోతుంది. మనం తలుపు తీసుకుని ముఖం ముందు పెట్టి ఇంట్లోకి వెళ్తాం, అది తోక ముందు పెట్టి వెళ్తుంది, అంతే తేడా. వార్మ్ ఈల్‌కి మాత్రం తోక చుట్టూ పల్చటి మెత్తటి రెక్క ఉంటుంది. పట్టి చూస్తే తప్ప కనిపించదు.

ఆ మేకు తోక మహా పొగరుబోతుది. పెద్ద చేప ఏదైనా దీన్ని బతికుండగానే మింగేసిందనుకోండి, లోపల ఊరుకోదు. పొట్టని పొడుచుకుని బయటికొస్తుంది. కానీ బయట సముద్రం ఉండదు కదా! పొట్టకీ చర్మానికీ మధ్య ఖాళీలో ఇరుక్కుపోయి అక్కడే చచ్చిపోతుంది. చేపలు కోసేటప్పుడు లోపల ఎండిపోయి, పొరలు కప్పేసి ఉన్న స్నేక్ ఈల్స్ దొరికిన సందర్భాలు శాస్త్ర పత్రికల్లో ఉన్నాయి. మింగిన చేప మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది.

ఇక వార్మ్ ఈల్‌లో ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా చెప్పడం ఉందే, అదీ అసలు తలనొప్పి. పొలుసు లేదు. రంగు చూద్దామంటే చాలావాటికి అదే మట్టిరంగు, అదీ సీసాలో స్పిరిట్‌లో పడేశాక తెల్లబోతుంది. మరి ఏం చూస్తారు? వెనక ముక్కురంధ్రం ఎక్కడుందో చూస్తారు. వార్మ్ ఈల్స్‌లో అది సాధారణంగా పైపెదవిలోనో, ఏకంగా నోటి లోపలికో తెరుచుకుంటుంది. వీపు రెక్క ఎక్కడ మొదలైందో కొలుస్తారు. తలమీద సూదిమొనంత గుంటలు ఎన్నున్నాయో లెక్కపెడతారు. అంగిట్లో పళ్ల వరసలు చూస్తారు. చివరికి ఎక్స్‌రే తీసి వెన్నుపూసలు లెక్కిస్తారు. మనకి 33 ఉంటే వీటికి వందకి పైనే. లెక్కలో పది తేడా వచ్చిందంటే అది వేరే జాతేమోనని అనుమానం మొదలవుతుంది.

పిల్లల సంగతి ఇంకో గోల. ఈల్ పిల్ల తల్లిలా ఉండదు. గాజు ఆకులా చదునుగా, అవతలి వస్తువు కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. పూర్వం వాటిని వేరే చేపలనుకుని లెప్టోసెఫలస్ అని పేరు కూడా పెట్టేశారు. 1890లలో ఇటలీలో గ్రాసీ, కలాండ్రుచియో అనే ఇద్దరు అలాంటి పిల్ల కళ్ల ముందే ఈల్‌గా మారడం చూసేదాకా, ఒకే ప్రాణి రెండు పేర్లతో చలామణీ అయ్యింది. ఇప్పుడు పిల్ల ఒంటిమీద కండర పట్టీలు లెక్కపెట్టి, పెద్దదాని వెన్నుపూసల లెక్కతో సరిచూసి, ఎవరి బిడ్డ ఎవరో తేలుస్తారు.

ఈ పనిలో జీవితాలు గడిపినవాళ్లున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి చెందిన జాన్ మెకాస్కర్ 1977లో ఈ కుటుంబం మొత్తాన్నీ ఎముకల ఆధారంగా కొత్తగా వర్గీకరించాడు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కొత్త జాతులు వర్ణిస్తూనే ఉన్నాడు. లోకానికి ఆయన పెద్ద తెల్ల సొరచేప మీద పరిశోధన చేసినవాడిగానే ఎక్కువ తెలుసు. సొర అంటే టీవీ వాళ్లు పరిగెత్తుకొస్తారు, ఇసకలో దూరిన జానెడు చేప గురించి ఎవరడుగుతారు? ఫిలడెల్ఫియాలో యూజీనియా బోల్కే అనే ఆవిడ ఉండేది. భర్త జేమ్స్ కూడా ఈల్స్ మీదే పనిచేసేవాడు. 1982లో ఆయన పోయాక ఆ పనిని ఆవిడ ఆపలేదు. పశ్చిమ అట్లాంటిక్ ఈల్స్ మీద 1989లో వచ్చిన రెండు పెద్ద సంపుటాలకి ఆవిడే సంపాదకురాలు. రెండో సంపుటం మొత్తం పైన చెప్పిన గాజు పిల్లల గురించే!

అంతకు ముందు తరం వాళ్లని చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. సగం మంది డాక్టర్లే. వార్మ్ ఈల్స్‌లో ముఖ్యమైన మ్యురేనిక్తిస్ అనే ప్రజాతికి 1853లో పేరు పెట్టిన పీటర్ బ్లీకర్ డచ్చి సైన్యంలో వైద్యుడు. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో ఉంటూ బజారు చేపల మీద పడ్డాడు. పీతల్ని తినే ఈల్‌కి 1848లో 'పీతల తిండిపోతు' అనే అర్థమొచ్చేలా కాంక్రివోరస్ అని పేరు పెట్టిన జాన్ రిచర్డ్‌సన్ నౌకాదళ వైద్యుడు. గంగానది చేపల మీద 1822లో పుస్తకం వేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ కూడా డాక్టరే. వరిచేల బురదలోకి కూడా వచ్చే స్నేక్ ఈల్‌కి బోరో అని పేరు పెట్టింది ఈయనే. పళ్లు బఠానీ గింజల్లా ఉంటాయని తర్వాత దాన్ని పైసోడోనోఫిస్ ప్రజాతిలో చేర్చారు. పూర్తి పేరు పైసోడోనోఫిస్ బోరో. మన తీరంలోనూ ఉంది.

ఇక మన డాక్టరు దగ్గరికి వద్దాం. ప్యాట్రిక్ రస్సెల్. స్కాట్లండ్ మనిషి. సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగుల్ని చూసినవాడు. 1781లో తమ్ముడితో పాటు విశాఖపట్నం వచ్చాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు కదా, ఆ రస్సెల్ ఈయనే. పాముల మీద 1796లో పుస్తకం వేశాడు. అందులో మన ఊళ్లో జనం పిలిచే పేర్లే రాసుకున్నాడు. 'బంగారు పాము' అన్న మాటని పట్టుకుని ఫ్రాన్సులో దోదాన్ కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ఈరోజు ఏ దేశంలో ఏ డాక్టరు కట్లపాము కాటు గురించి రాసినా అందులో మన 'బంగారు' ఉంటుంది.

1803లో రస్సెల్ విశాఖలో సేకరించిన 200 చేపల బొమ్మలతో రెండు సంపుటాలు అచ్చయ్యాయి. తిరగేస్తే మన సంతలో నిలబడ్డట్టే ఉంటుంది. నల్ల చందువ, తెల్ల చందువ, తోలు పార... ఇంగ్లీషు స్పెల్లింగులో కాస్త వంకరపోయినా గుర్తుపట్టొచ్చు. అయితే చేపలకి రస్సెల్ లాటిన్‌లో రెండు మాటల పేరు పెట్టకుండా చాలాచోట్ల తెలుగు పేరుతోనే వదిలేశాడు. ప్యారిస్‌లో కూర్చున్న క్యూవియే ఆ పుస్తకం చూసి పేర్లు కట్టాడు. మన కానాగుర్త 1816లో అలాగే శాస్త్రంలోకెక్కింది. ఇప్పుడు దాని పేరు రాస్ట్రెల్లిగర్ కానాగుర్త. తోలు పార స్కాంబరాయిడెస్ టోల్ అయ్యింది. ఈల్స్‌లో కూడా ఒకటుంది: రస్సెల్ చెవికి 'తల బోన్' అని వినిపించినది 1829లో టలబోన్ అయ్యింది. ఇప్పటి పూర్తి పేరు కాంగ్రెసాక్స్ టలబోన్. దానిలాంటి ఇంకో ఈల్‌కి తూర్పు ఇండీస్‌లో బ్లీకర్ 1853లో టలబోనాయిడెస్ అన్నాడు. 'టలబోన్ లాంటిది' అని అర్థం.

కానీ పులస విషయంలో దెబ్బ తిన్నాం. రస్సెల్ 1803లోనే 'పలాస' అని బొమ్మతో సహా వేశాడు. కానీ లాటిన్ జంట పేరు కాదు కాబట్టి శాస్త్రం లెక్కలోకి తీసుకోలేదు. 1822లో హామిల్టన్ బెంగాలీ పేరుతో ఇలిషా అన్నాడు. క్యూవియే మన పేరుని అందుకుని క్లూపియా పలాస అనేసరికి 1829 వచ్చేసింది. నియమం ఏమిటంటే ముందు అచ్చయిన పేరుదే గెలుపు. ఏడేళ్ల తేడాతో బెంగాల్ గెలిచింది! గోదావరి జిల్లాల వాళ్లు ఈ మాట విని ఎంత నొచ్చుకుంటారో నాకు తెలుసు.

ఇంతకీ రస్సెల్ పుస్తకంలోని బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారుడు. క్యూవియే కట్టిన పేర్లలో చాలావాటికి అసలు ఆధారం సీసాలో చేప కాదు, ఆ బొమ్మే. ఆయన పేరు మనకి మిగల్లేదు. 'ఇది కానాగుర్తండీ' అని దొరగారికి చెప్పిన జాలరి పేరూ లేదు. పేరు పెట్టినవాడి పేరు మాత్రం చేప పేరు వెనక వేస్తారు. పద్ధతి అది. నాకు మాత్రం ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇప్పటికీ కొత్త ఈల్స్ దొరుకుతూనే ఉన్నాయి. మన పొరుగునే ఒడిశా గోపాలపూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది. బంగాళాఖాతం ఈల్స్ మీద గత కొన్నేళ్లలో అక్కడివాళ్లు చాలా పని చేశారు. వాళ్లకి కావలసిన సరుకు ఎక్కువగా మనం మొదట చెప్పుకున్న చెత్త చేపల కుప్పలోనే ఉంటుంది. పేరు పెట్టకముందే దాణాకి పోయేవి ఎన్నో. చేపతో పాటు దాన్ని ఏమని పిలవాలో తెలిసిన ముసలి జాలర్లూ తగ్గిపోతున్నారు. వాళ్ల పిల్లలు 'చెత్త' అని ఒక్క మాటతో సరిపెడుతున్నారంటే వాళ్లనేం అనగలం, కిలోకి వచ్చే ధర అలా ఉంది మరి.

ఈసారి హార్బర్‌కి వెళ్తే ఆ కుప్ప దగ్గర ఓ నిమిషం ఆగండి. చెయ్యి మాత్రం పెట్టకండి. సముద్రపు పాములు కూడా వలలో పడతాయి, వాటికి విషం ఉంటుంది. వాటి తోక తెడ్డులా అడ్డంగా నొక్కినట్టుంటుంది, ఒంటినిండా పొలుసులుంటాయి. మన చేపకి తల వెనక మొప్ప రంధ్రం ఉంటుంది. పక్కన పెద్దాయన ఎవరైనా ఉంటే దాన్నేమంటారో అడిగి, ఆయన పలికినట్టే తెలుగులో రాసుకోండి. ఆయన పేరు కూడా రాసుకోండి. ఫొటో తీస్తే తల ఒక్కటే కాదు, తోక చివర కూడా పడేలా తియ్యండి.