నిర్దోషులుగా తేలిన వారి గాయాలకు వైద్యం ఎవరి బాధ్యత?

2005 అక్టోబరు 12, దసరా రోజు. సికింద్రాబాద్ పక్కనే ఉన్న బేగంపేటలో టాస్క్‌ఫోర్స్ కార్యాలయంపై ఆత్మాహుతి దాడి జరిగింది. ఒక హోంగార్డు ప్రాణాలు కోల్పోయాడు. ఆ కేసులో విచారణను ఎదుర్కొన్న పది మందినీ నాంపల్లి కోర్టు 2017 ఆగస్టు 10న నిర్దోషులుగా ప్రకటించింది. మధ్యలో దాదాపు పన్నెండేళ్లు గడిచిపోయాయి. చనిపోయిన హోంగార్డు కుటుంబానికి అసలు దోషులెవరో తెలియలేదు. నిందితుల్లో కొందరి యౌవనం జైలు గోడల మధ్యే ముగిసిపోయింది. తీర్పు వెలువడిన రోజు పత్రికలు వార్త వేశాయి. ఆ తర్వాత వారి ఇళ్లలో రాత్రుళ్లు ఎలా గడుస్తున్నాయో అడిగిన వారు లేరు.

2007 మే 18 శుక్రవారం మక్కా మసీదు పేలుడులో తొమ్మిది మంది, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు మరణించారు. అనంతరం పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ జైలుకు వెళ్లి వారిని కలిసి, చిత్రహింసల ఆనవాళ్లను నివేదికలో నమోదు చేశారు. 2012లో ప్రభుత్వం కొందరికి 3 లక్షల రూపాయల చొప్పున, మరికొందరికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడాదే హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఇచ్చినా తీసుకున్నా చర్చంతా డబ్బు చుట్టూనే తిరిగింది. ఆ యువకులకు చికిత్స అవసరమన్న మాట ఎవరి నోటా రాలేదు. ఒప్పుకోవాలంటే బాధగానే ఉంది కానీ, హక్కుల కోసం గొంతెత్తిన మేమూ ఆ మాట అనలేదు.

చిత్రహింస అనుభవించిన మనిషికి గతం గతంగా ఉండదు. అర్ధరాత్రి వీధిలో జీపు ఆగిన చప్పుడైతే గుండె దడదడలాడుతుంది. తలుపు ఎవరు తట్టినా పక్క గదిలోకి వెళ్లిపోతాడు. నిద్రలో అరుస్తాడు. పసిపిల్లల ఏడుపును భరించలేడు. చేస్తున్న పని సగంలో వదిలేసి గంటలకొద్దీ శూన్యంలోకి చూస్తూ కూర్చుంటాడు. భార్య అతణ్ణి కోపిష్ఠి అనుకుంటుంది. తల్లి ఎవరో చేతబడి చేశారని భయపడి తావీజు కట్టిస్తుంది. ‘నమాజు చెయ్యి, అంతా సర్దుకుంటుంది’ అంటారు పెద్దలు. నమాజు చేస్తూనే ఉంటాడు, సజ్దాలో ఉండగా కూడా ఆ గది గుర్తుకొస్తూనే ఉంటుంది.

ఈ బాధ విశ్వాస లోపం కాదని మా గట్టి అభిప్రాయం. యూసుఫ్ (అ) కోసం దుఃఖించి దుఃఖించి యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడిపోయిన ఉదంతం మన పిల్లలకు కూడా తెలుసు. ఆయన దైవప్రవక్త, సహనంలో మనందరికీ ఆదర్శం. అయినా దుఃఖం ఆయన శరీరాన్ని వదల్లేదు. శరీరానికి వచ్చినట్టే మనసుకూ జబ్బులు వస్తాయనీ, వాటికీ వైద్యం కావాలనీ పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ గ్రంథం రాశాడు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం పాశ్చాత్య అలవాటని ఈసడించే వారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇటువంటి గాయాలకు నేడు ఉన్న చికిత్సల్లో ఒకటి కంటి కదలికల చికిత్స, వైద్యుల భాషలో ఇ.ఎం.డి.ఆర్. అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షాపిరో 1987లో దీన్ని రూపొందించడం మొదలుపెట్టి, 1989లో తొలి అధ్యయనం ప్రచురించింది. బాధితుడు తనను వేధిస్తున్న దృశ్యాన్ని మనసులో తలచుకుంటూ, చికిత్సకుడి వేళ్లు ఎడమకూ కుడికీ కదులుతుంటే వాటిని కళ్లతో అనుసరిస్తాడు. కొంతసేపటికి ఆగి, మనసులో ఏం మెదిలిందో చెబుతాడు. మళ్లీ మొదలవుతుంది. మనసు ఒకేసారి రెండు పనులు చేయవలసి రావడంతో ఆ జ్ఞాపకం పదును తగ్గుతుందని ఒక వివరణ. జ్ఞాపకం చెరిగిపోదు. అది తలచుకున్నప్పుడల్లా మళ్లీ అక్కడే ఉన్నట్టు అనిపించడం మాత్రం తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెద్దలకూ పిల్లలకూ సిఫారసు చేసిన చికిత్సల్లో ఇది ఉంది. ఇందులో కళ్ల కదలిక పాత్ర ఎంత అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. కనుక ఇదేదో మంత్రదండమని మేము చెప్పడం లేదు. మనవాళ్ల విషయంలో దీనికి ఒక ప్రత్యేక ప్రయోజనం ఉన్నందునే ఇంతగా చెబుతున్నాము. జరిగినదంతా పూసగుచ్చినట్టు నోటితో చెప్పాల్సిన అవసరం ఇందులో లేదు. స్టేషనులో వివస్త్రుణ్ణి చేసి కొట్టారన్న మాట తండ్రితోనే చెప్పలేని యువకుడు అపరిచితుడితో ఎలా చెబుతాడు? చెప్పకుండానే మొదలుపెట్టగలిగే వైద్యం అతనికి కావాలి. అయితే ఇది తగిన శిక్షణ పొందినవారే చేయాల్సిన పని. ముందుగా బాధితుణ్ణి స్థిమితపరచకుండా పాత గాయాన్ని కదిలిస్తే అది మరింత కష్టపెడుతుంది. ఎక్కడ శిక్షణ పొందారని అడగడానికి కుటుంబాలు మొహమాటపడకూడదు.

చట్టం ఏమంటోంది? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ మతభేదం లేకుండా ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ వ్యవస్థలో మానసిక వైద్యం పొందే హక్కునిచ్చింది. 23వ సెక్షన్ గోప్యతకు హామీ ఇస్తోంది. డాక్టరుతో చెప్పింది పోలీసులకు చేరుతుందేమోనని భయపడే మన కుటుంబాలు తెలుసుకోవలసిన సెక్షన్ ఇది. అక్రమంగా విచారణకు గురైన వారికి డబ్బుతో పాటు కౌన్సెలింగ్, మానసిక వైద్యం కూడా అందించాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సూచించింది. కానీ కొత్తగా వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో నిరాధార అరెస్టుకు పరిహార పరిమితి పాత చట్టంలో లాగే వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోయింది! చిత్రహింసల వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒడంబడిక బాధితుల పునరావాసాన్ని ప్రభుత్వాల విధిగా పేర్కొంటుంది. భారత్ 1997లో సంతకమైతే చేసింది, ఆమోదముద్ర మాత్రం వేయలేదు.

కనుక తెలంగాణ ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చిత్రహింస బాధితులకూ, నిర్దోషులుగా విడుదలైన వారికీ, వారి కుటుంబాలకూ ఉచితంగా ఒక ప్రత్యేక క్లినిక్ నడపాలి. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే వారిని కంటి కదలికల చికిత్సలో శిక్షణ ఇప్పించి అక్కడ నియమించాలి. మనసులోని భయం అనువాదకుడి ద్వారా చెప్పుకొనేది కాదు. తండ్రిని లాక్కుపోతుంటే చూసిన పిల్లలకు కూడా అక్కడ చోటుండాలి.

ఇంకొక మాట. గాయం మానాలంటే దెబ్బలు కొట్టడం ముందు ఆగాలి. కోర్టు నిర్దోషి అని చెప్పిన మనిషిని ప్రతి పండుగకూ, ఎక్కడ పేలుడు జరిగినా స్టేషనుకు పిలిపిస్తూ ఉంటే ఏ చికిత్సా పనిచేయదు. ఆ పిలుపులను రాతపూర్వక ఉత్తర్వుతో నిలిపివేయాలని హోంశాఖను డిమాండ్ చేస్తున్నాము.

మసీదు కమిటీలు ఈలోగా చేయగలిగింది ఒకటుంది. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఏ సమయంలోనైనా, డబ్బు ఖర్చు లేకుండా సలహా దొరుకుతుంది. ఆ నంబరును వజూ ఖానా దగ్గర గోడ మీద ఉర్దూలో, తెలుగులో రాయించండి. వచ్చే జుమా ఖుత్బాకు ముందు ఇమాం సాహెబ్ ఒక్క నిమిషం దాని గురించి చెబితే మరీ మంచిది.