రెండో మ్యాచ్ మన ఊళ్లో అయితే గెలుపు మనదేనా?

2025 మార్చి 12 తెల్లవారుజాము. రంజాన్ నెల. తరావీ తర్వాత కాసేపు నడుం వాల్చి, ఒకటిన్నరకు మళ్లీ లేచి టీవీ ముందు కూర్చున్న ఫుట్‌బాల్ అభిమానులకు సహరీ వేళకు గానీ ఫలితం తెలియలేదు. ఛాంపియన్స్ లీగ్‌లో లివర్‌పూల్ ఇంటిదారి పట్టింది. వారం ముందు పారిస్‌లో పీఎస్‌జీని 1-0తో ఓడించి వచ్చిన జట్టు అది. రెండో మ్యాచ్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో. అక్కడ డెంబెలే గోల్‌తో 0-1 అయింది, లెక్క సమమైంది, పెనాల్టీ షూటౌట్‌లో పీఎస్‌జీ 4-1తో గెలిచింది. సలా తన పెనాల్టీ వేసినా లాభం లేకపోయింది.

విచిత్రం ఏమంటే ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ సొంత గడ్డపై ఆడిన జట్టే ఓడింది. మరి సొంత మైదానం బలం అని అందరూ చెప్పుకునేది ఉత్త మాటేనా? దీనికి జవాబు కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు. చిత్తూరు నుంచి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు, తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో చెన్నై ఉన్నాయి. ఆ రెండు ఊళ్ల క్లబ్‌లు, వాటితో పాటు నిన్నమొన్నటి దాకా మనదని చెప్పుకున్న హైదరాబాద్ క్లబ్ ఆడిన ఇండియన్ సూపర్ లీగ్ లెక్కలు చాలు.

జమా ఖర్చు సమానమేనా?

రెండు లెగ్‌ల పద్ధతి సులువైనదే. ఒక మ్యాచ్ మీ ఊళ్లో, ఇంకొకటి మా ఊళ్లో. రెండింటి గోల్స్ కూడితే ఎవరివి ఎక్కువో వాళ్లు ముందుకు పోతారు. పైకి చూస్తే ఇద్దరికీ చెరో 90 నిమిషాలు సొంత జనం మధ్య ఆట. పద్దు సరిపోయినట్టే కనిపిస్తుంది.

సరిపోనిది ఒక చోట ఉంది. మొత్తం స్కోరు సమమైతే అదనపు అరగంట, ఆ తర్వాత పెనాల్టీలు, అన్నీ రెండో లెగ్ జరిగే ఊళ్లోనే. అంటే ఒక జట్టుకు సొంత గడ్డపై 90 నిమిషాలే, ఇంకో జట్టుకు 120 నిమిషాలు, పైన షూటౌట్. ఇంకో సంగతీ ఉంది. రెండో లెగ్ సొంత ఊళ్లో ఆడే జట్టుకు తనకు ఎన్ని గోల్స్ కావాలో ముందే తెలుసు. మొదటి లెగ్‌లో ఆడేవాళ్లకు ఆ లెక్క తెలియదు.

ఇదివరకు దీనికి విరుగుడుగా ‘అవే గోల్స్’ నియమం ఉండేది. స్కోరు సమమైతే ఎదుటివాళ్ల మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు గెలిచినట్టు. యూరప్‌లో 1965లో మొదలైన ఆ నియమాన్ని యూఈఎఫ్‌ఏ 2021 జూన్‌లో ఎత్తేసింది. అప్పుడు అది చూపించిన అంకెలు గమనించాలి. 1970ల మధ్యలో సొంత జట్లు 61 శాతం మ్యాచ్‌లు గెలిస్తే బయటి జట్లు గెలిచింది 19 శాతమే. ఇటీవలి కాలానికి అది 47, 30 శాతాలకు వచ్చింది. సొంత మైదానం బలం తగ్గింది, కానీ పోలేదు.

12 పోటీలు, 10 సార్లు ఒకటే మాట

ఇక మన లీగ్. 2017-18 నుంచి 2024-25 వరకు ఎనిమిది సీజన్లు. కోవిడ్ వల్ల మొత్తం లీగ్ గోవాలోనే జరిగిన రెండు సీజన్లు పక్కన పెడితే మిగిలినవి ఆరు. సీజన్‌కు రెండు సెమీఫైనల్స్ లెక్కన 12 పోటీలు, 24 మ్యాచ్‌లు.

ఆ 24 మ్యాచ్‌ల్లో సొంత జట్టు 15 గెలిచింది, నాలుగు డ్రా అయ్యాయి, ఐదింట్లోనే ఓడింది. లెగ్‌ల వారీగా విడదీస్తే మొదటి లెగ్‌లో సొంత జట్టు విజయాలు ఆరు, రెండో లెగ్‌లో తొమ్మిది. ఇక ఫైనల్‌కు వెళ్లిందెవరు అని చూస్తే, 12లో 10 సార్లు రెండో లెగ్ సొంత ఊళ్లో ఆడిన జట్టే.

కోల్‌కతా ఉదాహరణ చూడండి. 2024లో ఒడిశా చేతిలో భువనేశ్వర్‌లో 1-2తో ఓడిన మోహన్ బగాన్ సొంత గడ్డపై 2-0తో గెలిచి ఫైనల్‌కు వెళ్లింది. 2025లో జంషెడ్‌పూర్‌పైనా అచ్చు అవే స్కోర్లు. ఆ రెండు సార్లూ చివరి గోల్ 90 నిమిషాలు దాటాకే వచ్చింది. మొదటిసారి సహల్ అబ్దుల్ సమద్, రెండోసారి అపుయా. జనం గొంతు ఎప్పుడు పనిచేస్తుందో ఆ నిమిషాలే చెబుతాయి.

మరి తప్పిన ఆ రెండు సార్లు? ఆ రెండూ మన పొరుగు ఊళ్లవే. 2020లో చెన్నైయిన్ తన గడ్డపై గోవాను 4-1తో కొట్టి, గోవాలో 2-4తో ఓడినా 6-5తో బయటపడింది. 2025లో బెంగళూరు మొదట 2-0తో గెలిచింది. గోవాలో రెండు గోల్స్ ఇచ్చేసి లెక్క సమమైన దశలో, ఇంజురీ టైమ్‌లో సునీల్ ఛెత్రి తల తగిలించిన బంతి 3-2తో ఫైనల్‌కు చేర్చింది. రెండిట్లోనూ పాఠం ఒకటే. రెండో లెగ్ బయట ఆడాల్సినవాళ్లు మొదటి లెగ్‌లోనే చేతినిండా సంపాదించి పెట్టుకోవాలి.

అంకె చెప్పని సంగతి

12లో 10 అనగానే రెండో లెగ్ ఆతిథ్యమే గెలిపిస్తుందని తీర్పు చెప్పేస్తే తొందరపాటే. ఆ ఆరు సీజన్లలో ఐదింట్లో రెండో లెగ్ ఆతిథ్యం దక్కింది లీగ్ పట్టికలో పైన ఉన్న జట్లకు. మంచి జట్టు గెలిచిందా, మంచి మైదానం గెలిచిందా అన్నది ఆ ఐదు సీజన్ల నుంచి తేల్చలేం. లాభం వచ్చిన షాపును చూసి, సరుకు మంచిదా, సెంటర్ మంచిదా అని అడిగినట్టే.

తేల్చడానికి ఆధారం ఒక్క 2022-23 సీజనే. ఆ ఏడాది వరుస తిరగబడింది. పట్టికలో పైనున్న ముంబై, హైదరాబాద్ మొదటి లెగ్ సొంత ఊళ్లో ఆడాయి. కింద ఉన్న బెంగళూరు, ఏటీకే మోహన్ బగాన్‌కు రెండో లెగ్ ఆతిథ్యం దక్కింది.

మార్చి 9న గచ్చిబౌలిలో హైదరాబాద్, మోహన్ బగాన్ 0-0. మార్చి 13న కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో మళ్లీ 0-0, అదనపు అరగంటలోనూ గోల్ లేదు. షూటౌట్‌లో మోహన్ బగాన్ 4-3తో గెలిచింది. లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన హైదరాబాద్ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండానే ఇంటికి వచ్చేసింది.

ఇంకో సెమీస్ మరీ వింత. ముంబైలో బెంగళూరు 1-0తో గెలిచింది, బెంగళూరులో ముంబై 2-1తో గెలిచింది. షూటౌట్‌లో బెంగళూరు 9-8తో ముందుకు పోయింది. పాత అవే గోల్స్ నియమం ఉండుంటే బయట రెండు గోల్స్ కొట్టిన ముంబైదే ఫైనల్.

అంటే బలహీన జట్లకు రెండో లెగ్ ఆతిథ్యం ఇచ్చిన ఏకైక సీజన్‌లో ఆ రెండూ గెలిచాయి. కానీ రెండూ మామూలు ఆటలో గెలవలేదు, చివరి పెనాల్టీల్లో గెలిచాయి. రెండే పోటీలు కాబట్టి దీన్ని సూత్రం అనలేం. ఇంతమాత్రం అనొచ్చు: ఇద్దరి మధ్య తేడా ఎక్కువుంటే రెండో లెగ్ ఎక్కడన్నది పెద్ద విషయం కాదు. తేడా గోరంత ఉన్నప్పుడే అది పనికొస్తుంది.

బలం గడ్డిదా, జనందా?

హైదరాబాద్ కథలోనే దీనికి ఇంకో ఆధారం ఉంది. అంతకు ముందు ఏడాది, 2022 మార్చిలో, ఇదే హైదరాబాద్ ఇదే మోహన్ బగాన్‌ను సెమీస్‌లో 3-1, 0-1తో, మొత్తం 3-2తో ఓడించింది. అప్పుడు రెండు మ్యాచ్‌లూ గోవాలోనే. ఎవరికీ సొంత ఊరు లేదు. ఆ తర్వాత కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ కప్పు కూడా కొట్టింది. కోచ్ అదే మనోలో మార్కెజ్, ప్రత్యర్థి అదే, మారింది చుట్టూ ఉన్న జనం.

కోవిడ్ కాలంలో ఖాళీ స్టేడియాల్లో ఆడిన యూరప్ లీగ్‌ల్లోనూ సొంత జట్ల పైచేయి తగ్గింది, బయటి జట్లకు ఎల్లో కార్డులు తగ్గాయి. స్పెయిన్ లీగ్‌పై ముగ్గురు ఆర్థికవేత్తలు 2005లో ప్రచురించిన పరిశోధన ఇంకో మాట చెప్పింది. సొంత జట్టు ఒక్క గోల్ వెనకబడి ఉంటే రిఫరీలు ఇంజురీ టైమ్ ఎక్కువిచ్చారట, ఒక్క గోల్ ముందుంటే తక్కువిచ్చారట. డబ్బు తీసుకుని కాదు, జనం ఒత్తిడికి తెలియకుండానే లొంగి.

అయితే జనం ఒత్తిడికి లొంగనివాళ్లూ ఉంటారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడంపై భారత ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పడంతో స్థానికులు మండిపడుతున్నారు. స్టేడియంలో దాదాపు లక్ష మంది భారత జట్టును గేలి చేస్తుండగా మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. ఆ జట్టు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఊరు కాని ఊళ్లో గెలవడం మన పెద్దలకు తెలిసిన విద్యే.

ఇల్లే లేకపోతే?

గచ్చిబౌలిలో ఆ 0-0 జరిగిన తర్వాతి సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిల గొడవల్లో మునిగింది. 2023-24లో ఒకే ఒక్క విజయంతో ఆఖరి స్థానానికి పడిపోయింది. యాజమాన్యం మారింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఐఎస్‌ఎల్ క్లబ్ ఒక్కటీ లేదు. గ్యాలరీ కోల్‌కతాలా ఎన్నడూ నిండని ఊరు క్లబ్‌ను పట్టి ఉంచుకోలేకపోయింది. సొంత మైదానం బలం ఉందా లేదా అన్న చర్చ కంటే ఈ నష్టం పెద్దది.

దీని బరువు తిరుపతి, చిత్తూరు పిల్లల మీద కూడా పడుతుంది. ఇక్కడ బంతి బాగా ఆడే పిల్లవాడు పైకి రావాలంటే బెంగళూరుకో చెన్నైకో పోవాలి. అంటే వాడికి ప్రతి ట్రయల్ బయటి మ్యాచే. తెలియని ఊరు, తెలియని భాష, చప్పట్లు కొట్టే సొంతవాళ్లు ఉండరు. మన దగ్గర జరిగే టోర్నీలు చాలావరకు ఒకే గ్రౌండ్‌లో రెండు మూడు రోజుల్లో ముగిసిపోతాయి. సొంత జనం ముందు ఆడే బాధ్యత, ఎదుటివాళ్ల జనం ముందు నిలబడే ధైర్యం, రెండూ అలవాటు కావు.

ఈ లోటు కొంతైనా తీర్చడానికి క్లబ్ రావాల్సిన పనిలేదు, కోట్లు అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది. రెండు ఊళ్ల మధ్య దూరం 70 కిలోమీటర్లు, బస్సు ఎక్కితే రెండు గంటల్లోపు ప్రయాణం. ఒక ఆదివారం ఇక్కడ, మరుసటి ఆదివారం అక్కడ అని రెండు లెగ్‌ల పోటీ పెట్టడానికి ఒక కాలేజీ, ఒక యూత్ కమిటీ పూనుకుంటే చాలు.

అప్పుడు కావాల్సింది ఇంకొకటే. గోడ పక్కన నిలబడి అరవడానికి నాన్నలు, మామూలు, చిచ్చాలు, పక్కింటి పిల్లలు రావాలి. ఆ జనం వస్తే ఏ ఖాళీ జాగా అయినా సొంత మైదానమే. రాకపోతే గచ్చిబౌలి స్టేడియమైనా బయటి ఊరే.